ఆట చివరికొచ్చాక కంపానియన్ల పనులు ఎలా పూర్తి చేయాలి

మోర్డిన్ చచ్చిపోయిన రాత్రి మా ఇంట్లో ఇద్దరం సరిగా తినలేదు, ఒకటి నేను, రెండోది మా చిన్నమ్మ కొడుకు. సంక్రాంతి సెలవులకి మిర్యాలగూడ వచ్చి వారం రోజులు నా పక్కనే కుర్చీ వేసుకుని, నేను ఆడుతున్న మాస్ ఎఫెక్ట్ 2 అనే వీడియోగేమ్ చూశాడు వాడు. మోర్డిన్ అంటే అందులో గబగబా మాట్లాడే సలేరియన్ అనే గ్రహాంతర జాతి సైంటిస్టు, మావాడు పెట్టిన పేరు కప్ప డాక్టర్. నేనేమో కంపానియన్ల, అంటే మన జట్టువాళ్ల, అందరి లాయల్టీ మిషన్లూ (వాళ్ల నమ్మకం సంపాదించే సొంత పనులు) చేశాను, ఓడకి అన్ని అప్‌గ్రేడ్లూ వేయించాను, ఒక్కరు కూడా పోరని ధీమాగా చివరి మిషన్‌కి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి కప్ప డాక్టర్ లేడు. "అన్నా, అన్ని పనులు చేసినవ్ గదా, గిట్లెందుకైంది?" అని వాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

జవాబు తర్వాత దొరికింది, కింద చెప్తాను. పనులు చేయడం ఒక ఎత్తు, ఎప్పుడు చేశాం, ఎవరిని వెంట తీసుకెళ్లాం, చివర్లో ఎవరికి ఏ పని అప్పజెప్పాం అనేది ఇంకో ఎత్తు. చాలామంది ఆట ఆఖరికి వచ్చేసరికి జర్నల్‌లో, అంటే ఆటలోని పనుల చిట్టాలో, మిగిలిన సైడ్ క్వెస్టుల్ని (పక్క పనుల్ని) కరెంటు బిల్లు కట్టినట్టు ఒకదాని తర్వాత ఒకటి కట్టేసి పోతారు, ఆ తర్వాత ఇలాగే తిండి మానేసి కూర్చుంటారు. ఎక్కువగా మాస్ ఎఫెక్ట్ 2 ఉదాహరణతోనే చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో దానంత కఠినమైన ఆట నేను ఆడలేదు. మధ్యమధ్యలో వేరే ఆటలు కూడా వస్తాయి. కథలు బయటపడతాయి, ఇంకా ఆడనివాళ్లు ఇక్కడే ఆగిపోతే మంచిది.

ముందు తలుపు ఎక్కడ మూసుకుంటుందో కనుక్కోండి

ఏ పెద్ద ఆర్‌పీజీలో (పాత్ర వేసి ఆడే కథ ఆటలో) అయినా ఒక చోటు ఉంటుంది, అది దాటాక వెనక్కి రాలేం. నాగార్జున సాగర్ గేట్లు ఎత్తారనుకోండి, ఇరవయ్యారు గేట్ల నుంచి కిందికి పోయిన నీళ్లని మళ్లీ పైకి రమ్మని ఎవరైనా పిలవగలరా? ఇదీ అంతే. అందుకని మొదటి పని గేట్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడం, అది కూడా ఆట ఇంకా నాలుగో వంతు మిగిలి ఉండగానే.

కొన్ని ఆటలు మర్యాదస్థులు, ముందే చెప్తాయి. సైబర్‌పంక్ 2077లో ఎంబర్స్ అనే చోట హనాకోని కలవడానికి వెళ్తే, ఇక్కడి నుంచి వెనక్కి లేదు అని తెర మీదే రాసి చూపిస్తుంది. బాల్డర్స్ గేట్ 3లో కూడా చివరి దారి పట్టే ముందు హెచ్చరిక వస్తుంది. సైబర్‌పంక్ ఇంకో మేలు కూడా చేస్తుంది, కథ అయిపోయాక మళ్లీ ఆ తలుపు ముందుకే తెచ్చి దింపుతుంది, కాబట్టి అందులో పోయేదేమీ లేదు. కాకపోతే పానమ్ అనే స్నేహితురాలి పనులు మొత్తం చేయకుండా వెళ్తే ఆమె తెగ ఆల్డెకాల్డోలతో వచ్చే ముగింపు అసలు కనబడదు, జానీ, రోగ్‌ల పనులు వదిలేస్తే రోగ్‌తో కలిసి వెళ్లే దారి కనబడదు. లేని తలుపుని ఎవరూ వెతకరు కదా, మీరు కూడా అది ఉందన్న సంగతే తెలియకుండా ఆట ముగించేస్తారు.

ది విచర్ 3లో గేటు మధ్యలో ఉంటుంది, పొగమంచు దీవికి వెళ్లేటప్పుడు. ఆ దీవికి వెళ్లకముందే కేర్ మోర్హెన్ కోట యుద్ధానికి మనుషుల్ని పోగు చేసుకోవాలి, కైరా, లేతో, రోష్ లాంటివాళ్ల పనులన్నీ అప్పటికే అయిపోయి ఉండాలి. దాటాక చాలా క్వెస్టులు ఫెయిల్ అయినట్టు జర్నల్‌లో పడిపోతాయి. అన్నట్టు అందులో ట్రిస్‌కీ ఎన్నెఫర్‌కీ ఇద్దరికీ ప్రేమిస్తున్నానని చెప్పి చూడండి, ఏమవుతుందో. హీరో గెరాల్ట్‌ని మంచానికి కట్టేసి ఇద్దరూ చక్కగా వెళ్లిపోతారు. నాకు ఆ సీన్ అంటే ఇష్టం, కానీ తెలియక అందులో పడితే ఇష్టం ఉండదు.

పర్సోనా 5 రాయల్‌ది క్యాలెండర్ వ్యవహారం. మరుకి డాక్టరుతో స్నేహం నవంబర్ 18 లోపు తొమ్మిదో ర్యాంకుకి రాకపోతే మూడో సెమిస్టర్ మొత్తం తెరుచుకోదు, అదే రాయల్‌లో కొత్తగా ఇచ్చిన భాగం. అకెచి అనే పాత్రతో స్నేహం నవంబర్ 24 లోపు ఎనిమిదికి, కసుమితో డిసెంబర్ 18 లోపు అయిదుకి రావాలి. ఆట ఈ గడువులు విడమరిచి చెప్పదు. ఒక కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించండి, అంతకు మించి దాని గురించి చెప్పడానికేం లేదు.

మాస్ ఎఫెక్ట్ 2 అన్నిటికన్నా మోసకారి. చూడ్డానికి చివరి గేటు ఒమేగా 4 రిలే, అంటే శత్రువుల స్థావరానికి తీసుకెళ్లే అంతరిక్ష ద్వారం. అందరూ దాని గురించే భయపడతారు. నిజమైన గేటు మాత్రం అంతకు ముందే ఉంది, ఆ రిలే దాటడానికి కావలసిన పరికరం, రీపర్ ఐఎఫ్ఎఫ్, తెచ్చే మిషన్. అది చేసిన క్షణం నుంచి లోపల ఒక గడియారం మొదలవుతుంది, తెర మీద ఎక్కడా కనబడదు. కొద్ది పనులు అయ్యాక మీ ఓడ మీద కలెక్టర్లు అనే శత్రువులు దాడి చేసి సిబ్బందిని ఎత్తుకుపోతారు. ఆ తర్వాత మీరు వెంటనే రిలే దాటితే అందరూ బతుకుతారు. ఒకటి నుంచి మూడు మిషన్ల దాకా చేసి వెళ్తే సగం మంది పోతారు, రోజూ మిమ్మల్ని పలకరించే కెల్లీ కూడా అందులోనే. అంతకన్నా ఆలస్యం చేస్తే ఓడ డాక్టర్ చాక్వాస్ ఒక్కామె మిగులుతుంది. అంటే "ఇంకా రెండు సైడ్ క్వెస్టులున్నాయి, అవి చూసుకుని వెళ్దాం" అనుకోవడమే ఇక్కడ నేరం.

సేవ్ విడిగా పెట్టండి, ఆటోసేవ్‌ని నమ్మకండి

గేటు ఎక్కడో తెలిశాక దానికి ముందు ఒక సేవ్, ప్రతి కంపానియన్ పని మొదలుపెట్టే ముందు ఒక సేవ్. ఎండాకాలం మధ్యాహ్నం మా వీధిలో కరెంటు ఎప్పుడు పోతుందో లైన్‌మెన్‌కి కూడా తెలియదు, పాత యూపీఎస్ రెండు నిమిషాలు కూడా నిలబడదు, ఆ రెండు నిమిషాల్లో ఆటోసేవ్ ఏ దిక్కుమాలిన చోట పడి ఉంటుందో చెప్పలేం. ఒకసారి మాస్ ఎఫెక్ట్ 2లో టాలీ అనే కంపానియన్ మీద విచారణ మధ్యలో కరెంటు పోయి, వచ్చాక చూస్తే నేను తప్పు జవాబు చెప్పిన తర్వాతి సేవ్ ఒక్కటే మిగిలింది. ఒకే సేవ్ మీద మళ్లీ మళ్లీ రాసుకుంటూ పోయే అలవాటు మానుకోండి. డిస్క్‌లో చోటు లేదని బాధపడేవాళ్లు పెళ్లి వీడియోలు కాపీ చేసి పెట్టుకున్న ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడండి.

ఎవరికి ఏం బాకీ ఉన్నామో తెలుసుకోండి

జర్నల్ చూస్తే సరిపోదు. ఓడలోనో క్యాంపులోనో ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, చెప్పిన మాటే మళ్లీ చెప్పేదాకా మాట్లాడండి. మాస్ ఎఫెక్ట్ 2లో కెల్లీ మీకు చెప్తుంది, ఫలానావాళ్లు మాట్లాడాలంటున్నారని. బాల్డర్స్ గేట్ 3లో తల మీద ఆశ్చర్యార్థకం గుర్తు కనబడుతుంది. ఇవి రెండూ కనబడగానే చేతిలో పని వదిలేసి వెళ్లండి, తర్వాత చూద్దాం అనుకుంటే మర్చిపోతారు.

మాట్లాడటం వల్ల ఇంకో లాభం ఉంది. మాస్ ఎఫెక్ట్ 2లో ఓడని కాపాడే మూడు ముఖ్యమైన అప్‌గ్రేడ్లు మనుషులతో మాట్లాడితేనే దొరుకుతాయి, జేకబ్ దగ్గర కవచం, టాలీ దగ్గర షీల్డు, గారస్ దగ్గర ఫిరంగి. ఈ మూడింట్లో ఏది వేయించకపోయినా, వెళ్లే దారిలోనే ఒక్కోదానికి ఒక్కో మనిషి పోతారు, అక్కడ లాయల్టీ గీయల్టీ ఏమీ అడ్డం రాదు. వీటికి ఖనిజాలు కావాలి, వాటికోసం గ్రహాల మీద స్కానర్ తిప్పుతూ కూర్చోవాలి, ఆట మొత్తంలో ఇంత బోరు కొట్టే పని ఇంకోటి లేదు. నేను ఆ పని మా తమ్ముడికి అప్పజెప్పాను, వాడికి పల్లీలు ఒలిచినంత ఇష్టంగా ఉంది అది.

వరస ఎలా పెట్టుకోవాలి

గడియారం ఉన్నవి ముందు, గొడవ తెచ్చేవి మధ్యలో, కష్టమైన కొట్లాటలు తర్వాత, గేటుకి అవతల ఉన్నవి ఆఖర్న. అంతే, కానీ ఏది ఏ గంపలో పడుతుందో తెలియాలి కదా.

బాల్డర్స్ గేట్ 3 మూడో అంకం తీసుకోండి. నగరంలోకి రాగానే అందరి పనులూ ఒకేసారి మీద పడతాయి, అస్టారియన్‌కి తన పాత యజమాని కజడోర్, షాడోహార్ట్‌కి హౌస్ ఆఫ్ గ్రీఫ్, విల్‌కి తన తండ్రి డ్యూక్ రావెన్‌గార్డ్, గేల్‌కి ఒక పుస్తకం, కార్లాక్‌కి గోర్టాష్ మీద పగ. ఇందులో గడియారం ఉన్నది నీళ్ల అడుగున ఉన్న ఐరన్ థ్రోన్ జైలు. లోపలికి దిగాక లెక్కపెట్టినన్ని టర్న్‌లే (ఆడే వంతులే) ఉంటాయి, తర్వాత అంతా పేలిపోతుంది. విల్ తండ్రి ఉండేది అక్కడే, కాబట్టి వేగంగా పరిగెత్తే మంత్రాలు, దూరం దూకించే మంత్రాలు సిద్ధం చేసుకుని, మనుషుల్ని నాలుగు దిక్కులకీ పంపి ఆడండి, అందరూ ఒక గుంపుగా వెళ్తే సగం మంది ఖైదీలు నీళ్లపాలు. విల్‌తో ఒప్పందం ఉన్న దెయ్యం మిజోరా వచ్చి బేరం పెడుతుంది, ఒప్పందం తెంచుకుంటే నీ తండ్రి చచ్చిపోతాడని విల్‌ని బెదిరిస్తుంది. భయపడకండి, ఒప్పందం తెంచినా కూడా మీరే దిగి ఆయన్ని బయటికి తేవచ్చు.

ఇక్కడ ఒక మాట. ఆ ఆటలో లెవల్ 12కి మించి పెరగదు. మూడో అంకం సగంలోనే చాలామందికి 12 వచ్చేస్తుంది. దీనర్థం, అనుభవం పాయింట్ల కోసం చిన్న చిన్న పనులు ముందు చేయాలన్న పాత అలవాటుకి ఇక్కడ విలువ లేదు. ఎవరి పని ముఖ్యమో దాన్నే ముందు చేయండి. అస్టారియన్ పని వాయిదా వేస్తూ క్యాంపులో పడుకుంటూ ఉంటే, అతని తోటి రక్తపిశాచాలు రాత్రిపూట మీ క్యాంపుకే వస్తాయి. ఇంటికొచ్చి తలుపు కొట్టేదాకా ఆగడం ఎందుకు?

మాస్ ఎఫెక్ట్ 2లో వరస నేనిలా పెట్టుకుంటాను. ఐఎఫ్ఎఫ్‌కి ముందే లీజియన్ (ఐఎఫ్ఎఫ్ మిషన్‌లోనే దొరికే కంపానియన్) తప్ప మిగతా అందరి పనులూ పూర్తి. ఊళ్లల్లో, గ్రహాల మీద మిగిలిన చిల్లర పనులు కూడా అప్పుడే, ఎందుకంటే తర్వాత వాటికి టైమ్ ఉండదు. అప్పుడు ఐఎఫ్ఎఫ్ తెచ్చి, లీజియన్‌ని వెంటనే మేల్కొలిపి, ఓడలో ఇంకెవరితోనూ ముచ్చట్లు పెట్టకుండా నేరుగా అతని లాయల్టీ మిషన్‌కి పోవడం. అది అయ్యేసరికి కలెక్టర్లు రానే వస్తారు, వస్తే రానీ, మీరు ఆ క్షణమే రిలే దాటేస్తారు, ఒక్క మనిషి కూడా పోడు.

కొందరు టాలీ పనిని కూడా లీజియన్ వచ్చేదాకా ఆపుతారు. లీజియన్ ఒక గెత్, అంటే యంత్రం, గెత్‌లని తయారుచేసినవాళ్లు టాలీ జాతివాళ్లైన క్వేరియన్లు, అతన్ని వెంటబెట్టుకుని క్వేరియన్ల నౌకల మధ్యకి నడిస్తే వాళ్లు పడే కంగారు చూడటానికి బాగుంటుంది, కాదనను. కానీ గడియారం నడుస్తుండగా రెండు పెద్ద పనులు పెట్టుకోవడం అంటే కెల్లీ ప్రాణాలతో పందెం కాయడమే. రెండోసారి ఆడేటప్పుడు సరదాకి చేయండి, మొదటిసారి వద్దు.

ఎవరి పనైతే వాళ్లని వెంట తీసుకెళ్లండి

చెప్పక్కర్లేదు అనిపిస్తుంది, కానీ బాల్డర్స్ గేట్ 3లో ఈ తప్పు చేసినవాళ్లని నేనే ముగ్గురిని చూశాను. కజడోర్ భవంతికి అస్టారియన్ లేకుండా వెళ్లారు, ఎందుకంటే జట్టులో నలుగురే పడతారు, దొంగ పనికి వేరేవాళ్లు ఉన్నారని. రెండు వందల ఏళ్లు బానిసగా బతికినవాడి పగ మీరు తీర్చేస్తే వాడికేం మిగులుతుంది? ఊళ్లో భూమి తగాదాలో అసలు వారసుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి పెద్దమనుషులు తీర్పు చెప్పినట్టు ఉంటుంది.

మాస్ ఎఫెక్ట్ 2లో చాలా లాయల్టీ మిషన్లకి ఆ మనిషి తనంతట తానే వస్తారు, మీకు ఒక్క చోటే మిగులుతుంది. ఆ ఒక్క చోటులో తుపాకీ బలం ఉన్నవాళ్లని పెట్టే బదులు, ఆ విషయం మీద ఏదో ఒకటి అనే మనిషిని పెట్టండి. కొట్లాటలు కొంచెం కష్టమైనా ఫరవాలేదు, ఈ క్వెస్టులు మాటల కోసమే రాశారు.

మిషన్ అయిపోయింది కదా అని లాయల్టీ వచ్చేసినట్టు కాదు

ఇది చాలామందికి తెలియదు. పని పూర్తయినట్టు తెర మీద పడుతుంది, మనిషి మాత్రం మీవైపు ఉండరు.

టాలీ మీద దేశద్రోహం విచారణ నడుస్తుంది. అలరై అనే ఓడలో మీకు ఆమె తండ్రి తప్పు చేశాడని సాక్ష్యం దొరుకుతుంది. ఆమె ఆ సాక్ష్యం బయటపెట్టొద్దని బతిమాలుతుంది. బయటపెడితే కేసు గెలుస్తారు, టాలీని పోగొట్టుకుంటారు. పెట్టకుండా కూడా గెలవచ్చు, మాటకారితనం తగినంత ఉంటే సభని ఒప్పించవచ్చు, లేదంటే ఆట మొదట్లో ఫ్రీడమ్స్ ప్రోగ్రెస్‌లో దొరికిన వీటర్ అనే క్వేరియన్‌ని సెర్బెరస్ సంస్థ చేతికివ్వకుండా వదిలేసి, తర్వాత కల్ రీగర్ అనే క్వేరియన్ సైనికుణ్ణి కూడా బతికించి ఉంటే, వాళ్లిద్దరూ సభలో మీవైపు నిలబడతారు. ముప్పై గంటల కింద చేసిన చిన్న మంచి పని ఇక్కడ అక్కరకొస్తుంది. నాకు ఆ ఆట మొత్తంలో బాగా నచ్చిన చోటు ఇదే.

జయీద్ అనే కిరాయి సైనికుడి పనిలో మంటల్లో చిక్కుకున్న కూలీలని కాపాడాలా, అతని పాత శత్రువు విడోని తరమాలా అని అడుగుతుంది. కూలీలని కాపాడితే జయీద్ మీ మీద మండిపడతాడు, అప్పుడు అతన్ని ఒప్పించడానికి పారగాన్ బలం, అంటే మంచివాడిగా ఆడి సంపాదించిన మాటబలం, కావాలి. లేకపోతే లాయల్టీ రాదు. పాలమూరు నుంచి వలస పోయిన కూలీల కథలు వింటూ పెరిగినవాణ్ణి, నాకు ఆ కూలీలని వదిలేసి పోవడానికి మనసొప్పలేదు, అందుకని పారగాన్ బాగా పెరిగాకే ఆ మిషన్‌కి వెళ్తాను. థేన్ కొడుకుని ఆపే మిషన్‌లో కూడా అంతే, అందులో వెంబడించాల్సిన మనిషి కంటపడకుండా పోతే లాయల్టీ కూడా పోయినట్టే.

పని అయ్యాక జట్టు ఎంపిక తెరకి వెళ్లి చూడండి. లాయల్టీ వచ్చిందంటే వాళ్ల ప్రత్యేక శక్తి తెరుచుకుంటుంది, ఇంకో జత బట్టలు వస్తాయి. బట్టలు రాలేదంటే సేవ్ వెనక్కి తీసుకోండి.

తర్వాత గొడవలు. మిరాండా, జాక్ ఇద్దరి పనులూ అయ్యాక ఓడలో కొట్టుకుంటారు, టాలీ, లీజియన్ కూడా అంతే. మీరు పారగాన్‌గానో రెనిగేడ్‌గానో (రౌడీ దారి) ఒకే దారిలో గట్టిగా ఉంటే ఇద్దరినీ చల్లబరిచే నీలం మాటో ఎర్ర మాటో తెర మీద వెలుగుతుంది. కాసేపు మంచివాడిలా, కాసేపు రౌడీలా తిరిగి ఉంటే వెలగదు, ఒకరి పక్షం వహించాల్సి వస్తుంది, రెండోవాళ్ల లాయల్టీ పోతుంది. ఆ గొడవకి ముందు కూడా ఒక సేవ్.

చివర్లో ఎవరికి ఏ పని

ఇప్పుడు మోర్డిన్ దగ్గరికొద్దాం. కంపానియన్ల పనులు ఎందుకు చేశామో తేలేది ఇక్కడే, ఎందుకంటే ఆ క్వెస్టుల్లో ఎవరు దేనికి పనికొస్తారో మీరు చూశారు, చివరి మిషన్ అది గుర్తుందా లేదా అని పరీక్ష పెడుతుంది.

పెళ్లింట్లో చూస్తాం కదా, జనరేటర్ సంగతి ఎవరు చూస్తారు అనగానే ఒక బాబాయి ముందుకొచ్చి నేను చూస్తా అంటాడు, ఆయనకి డీజిల్ ఎక్కడ పోయాలో కూడా తెలియదు. మాస్ ఎఫెక్ట్ 2 చివరి మిషన్‌లో ఆ బాబాయి పేరు జేకబ్. గొట్టంలోంచి పాక్కుంటూ వెళ్లి తలుపులు తెరవాలి, ఎవరు వెళ్తారు అనగానే నేను వెళ్తా అంటాడు. పంపితే చచ్చిపోతాడు. అది టాలీ, లీజియన్, కసుమి (పర్సోనా కసుమి కాదు, ఈ ఆటలోని దొంగ), ఈ ముగ్గురిలో ఒకరి పని. తర్వాత పురుగుల గుంపు నుంచి జట్టుని బయోటిక్ గోడతో, అంటే మనోశక్తితో నిలబెట్టే గోడతో, కాపాడాలి, అప్పుడు మిరాండా లేచి ఎవరైనా చేయగలరన్నట్టు మాట్లాడుతుంది. వినకండి, సమారా గానీ జాక్ గానీ చేయాలి, సమారా బదులు మోరింత్‌ని తెచ్చుకున్నవాళ్లకి మోరింత్. రెండు చోట్లా రెండో దళానికి నాయకత్వం వహించేవాళ్లు కావాలి, అది గారస్ లేదా మిరాండా లేదా జేకబ్, బాబాయికి సరిపోయే పని అదే. మొదటిసారి నాయకుణ్ణి తప్పుగా ఎంచుకుంటే గొట్టంలో ఉన్నవాళ్లు ఎంత నిపుణులైనా పోతారు. వీళ్లందరికీ లాయల్టీ ఉండాలని మళ్లీ చెప్పక్కర్లేదు.

కాపాడిన సిబ్బందిని ఓడ దాకా తోడు తీసుకెళ్లడానికి ఒకరిని పంపాలి. ఆ తర్వాత మీరు ఇద్దరిని వెంటబెట్టుకుని ఆఖరి కొట్లాటకి వెళ్తారు, మిగిలినవాళ్లు తలుపు దగ్గర నిలబడి శత్రువుల్ని ఆపుతారు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. తలుపు దగ్గర నిలబడేవాళ్లకి లోపల ఒక్కొక్కరికి ఒక లెక్క ఉంది. లాయల్టీ ఉన్న గ్రంట్, జయీద్, గారస్ నాలుగేసి మార్కులు, థేన్, లీజియన్, సమారా, జేకబ్, మిరాండా రెండేసి, జాక్, కసుమి, టాలీ, మోర్డిన్ ఒక్కొక్కటి. లాయల్టీ లేకపోతే ఒకటి తగ్గుతుంది. అక్కడ మిగిలినవాళ్ల సగటు తక్కువైతే బలహీనులు ముందు పోతారు, అందులో మోర్డిన్‌ది మొదటి వంతు. నేనేం చేశానంటే, ఆఖరి కొట్లాట కష్టంగా ఉంటుందని గ్రంట్‌ని, గారస్‌ని నాతో తీసుకెళ్లాను. బలమైనవాళ్లంతా నా వెనకాల, తలుపు దగ్గరేమో కప్ప డాక్టర్, టాలీ, కసుమి, జాక్. ఊళ్లో దొంగలు పడ్డారంటే పహిల్వాన్లని వెంటేసుకుని నేను పక్కూరు పోయినట్టు.

కాబట్టి సిబ్బందికి తోడు మోర్డిన్‌ని పంపండి, లాయల్టీ ఉంటే క్షేమంగా చేరతాడు. మీతో ఆఖరి కొట్లాటకి లాయల్టీ ఉన్న బలహీనులని తీసుకెళ్లండి, టాలీ, జాక్ లాంటివాళ్లని. గ్రంట్, జయీద్, గారస్ తలుపు దగ్గర ఉండాలి. ఆఖరి కొట్లాట మీరనుకున్నంత కష్టం కాదు, నార్మల్‌లో అయితే అసలు కాదు. ఇద్దరు కన్నా తక్కువ మంది బతికితే మీరు ఆడే పాత్ర షెపర్డ్ కూడా పోతాడు, అంత దరిద్రంగా ఆడటానికి మాత్రం కష్టపడాలి.

ఆ సంక్రాంతికే, కనుమ రోజు మధ్యాహ్నం, ఐఎఫ్ఎఫ్ ముందు పెట్టుకున్న సేవ్ తెరిచి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఎవరు ఎక్కడికో మా తమ్ముడు నోట్‌బుక్‌లో రాసుకుని ఒక్కొక్కటి చదువుతుంటే నేను నొక్కాను. ఓడ తిరిగొచ్చాక పన్నెండు మందినీ లెక్కపెట్టాడు, తర్వాత మోర్డిన్ ల్యాబ్‌కి తీసుకెళ్లమని నన్ను సతాయించి, అక్కడ కప్ప డాక్టర్ ముందు నిలబెట్టి, ఏం మాట్లాడకుండా కాసేపు చూశాడు.

క్రెడిట్స్ అయ్యాక ఆట మళ్లీ మిమ్మల్ని ఓడలోకి తెస్తుంది, మిగిలిన చిల్లర పనులు అప్పుడు నింపాదిగా చేసుకోవచ్చు. ఆ చివరి సేవ్‌ని మాత్రం చెరిపేయకండి, మూడో భాగంలోకి ఎవరు ప్రాణాలతో వస్తారో అదే చెప్తుంది. నేను దాన్ని పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి పెట్టాను, అదిప్పుడు మా చిన్నమ్మ వాళ్లింట్లో, దేవరకొండలో ఉంది, అడిగితే ఇవ్వట్లేదు వాడు.